కుటుంబరావుగారి కరకర

జగ్గయ్యపేట కుటుంబరావుగారు జీవితంలో రెండు ఉద్యోగాలు చేశారు. మొదటిది నందిగామలో ఒక ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటు పని. దానికి జీతమిచ్చారు, వయసు రాగానే దండేసి, శాలువా కప్పి ఇంటికి పంపించారు. రెండోది, ఎవరింట్లో చెక్కలు వండినా ఒకటి కొరికి తీర్పు చెప్పడం. ఈ ఉద్యోగానికి ఆయన్ని ఎవరూ రమ్మని పిలవలేదు. పిలవని ఉద్యోగం కాబట్టి పొమ్మనడానికి కూడా ఎవరికీ వీల్లేకపోయింది.

ఆ తీర్పుకో పద్ధతి ఉండేది. భార్య ప్రసూనాంబ వంటింట్లో మూకుడు పెట్టి పప్పుచెక్కలు వేయిస్తోందంటే, మొదటి వాయి తిన్నగా హాల్లో పడక్కుర్చీ దగ్గరికి రావాలి. టీవీ ఆపెయ్యాలి. ఫ్యాను కూడా ఆపెయ్యాలి. ఆయన ఒక చెక్కని రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకి ఎత్తి, శనగపప్పు బద్దలు ఎక్కడెక్కడ అతుక్కున్నాయో చూసేవారు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని విరిచేవారు. కళ్లు మూసుకునేవారు. ఆఖరికి ఒక ముక్క నోట్లో వేసుకుని కరకరలాడించి, ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టాక, పెదవి విరిచి అనేవారు.

"మెత్తబడ్డాయే!"

మూకుట్లోంచి తీసి నిమిషం కాలేదు, అప్పుడే మెత్తబడడానికి అవేమన్నా వర్షంలో తడిసొచ్చాయా అని అడిగే నాథుడు ఆ ఇంట్లో లేడు. ప్రసూనాంబ కాపురానికొచ్చిన కొత్తలో ఆ మాటకి కళ్లనీళ్లు పెట్టుకునేది. పిండిలో ఇంకాస్త వెన్నపూస వేసేది, ఇంకాస్త వేడి నూనె పోసేది, చెక్కల్ని ఇంకా పల్చగా వత్తేది. మళ్లీ వేయించి తెచ్చి పెడితే, "ఆఁ, ఇదీ! చెప్తే గానీ చెయ్యవు కదా!" అనేవారు ఈయన.

ఒక ఏడాది ఆవిడకి నడుం పట్టేసింది. మెత్తబడ్డాయన్న పళ్లేన్ని వంటింట్లోకి తీసుకెళ్లి, గట్టు మీద పెట్టి, కాసిన్ని మంచినీళ్లు తాగి, అవే చెక్కల్ని అదే పళ్లెంలో మళ్లీ తెచ్చి పెట్టింది. కుటుంబరావుగారు చెవి దగ్గర విరిచారు, కళ్లు మూసుకున్నారు, నమిలారు.

"చూశావా! ఇప్పుడు కుదిరాయి. ఇందాకటికీ ఇప్పటికీ ఎంత తేడా!"

ఎంత తేడా ఉందో ప్రసూనాంబకి తెలుసు. ఆ రోజు నుంచీ ఆవిడ అదే పద్ధతి పెట్టుకుంది. పళ్లెం లోపలికెళ్లేది, బయటికొచ్చేది. స్టవ్వు ముట్టుకునే పనే లేదు. ఆవిడ పోరాటమల్లా అంతే. పైకి ఒక్కమాట అన్లేదు. కాకపోతే అప్పుడప్పుడూ స్టవ్వుతో చెప్పుకునేది: "చెక్కలు గుల్లగా రావాలి, గుల్లగా రావాలి అని మీరంటుంటే, ఈ సెగ ముందు నిలబడీ నిలబడీ నా ఒళ్లు గుల్లయిందండీ."

ఇంకోమాట కూడా చెప్పాలి. అన్నేళ్లు వండిన ప్రసూనాంబ వేడి చెక్క ఒక్కటి ఎప్పుడూ తిన్లేదు. నూనె వాసనకి వండేవాళ్ల కడుపు అప్పటికే నిండిపోతుంది. తీర్పయ్యేదాకా ఎలాగూ ముట్టుకోకూడదు. అయ్యాక డబ్బాలకెత్తాలి, మూకుడు తోమాలి, గట్టు తుడవాలి. మర్నాడెప్పుడో డబ్బా అడుగున మిగిలిన పొడీ ముక్కలూ ఆవిడ వాటా.

ఇంట్లో ఇలా గెలుస్తున్న మనిషి ఊళ్లో ఊరుకుంటాడా? నోటి దురదకి మందు లేదు. ఆఫీసులో ఆయన కింద పనిచేసిన నెహెమ్యా ఏటా క్రిస్మస్‌కి భార్య చేత కేకూ, చెక్కలూ చేయించి టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చేవాడు. ఒక ఏడాది అందరి ముందూ కుటుంబరావుగారు రెండూ తిని, "కేకు బాగుందోయ్. కాకపోతే చెక్కలు కేకు కన్నా మెత్తగా ఉన్నాయి" అన్నారు. ఆఫీసంతా నవ్వింది. మర్నాటి నుంచీ నెహెమ్యా భార్య చెక్కలు వండడం మానేసింది. ఈయన మాత్రం ఆ మాట తను వేసిన గొప్ప చమత్కారాల్లో ఒకటని పదిమందికీ చెప్పుకున్నారు.

కొడుకు దత్తాత్రేయ పెళ్లి వేదాద్రిలో స్వామివారి గుళ్లో చేశారు. దత్తాత్రేయ నందిగామలో లెక్కల మాస్టారు. పెళ్లికూతురు అక్షయ వాళ్లది జనగామ దగ్గర. వాళ్లమ్మ సౌభాగ్యమ్మ వారం రోజులు కష్టపడి డబ్బాల నిండా మురుకులు చేసుకొచ్చి, "తినుండ్రి అన్నయ్యగారూ" అని వియ్యంకుడి ముందు పెట్టింది. ఈయన ఒకటి చెవి దగ్గర విరిచారు.

"వీటిని మేం చక్రాలంటామమ్మా. మీరు మురుకులంటారా? పేరు సరిగ్గానే పెట్టుకున్నారు. మురికినీళ్లలో నానినట్టే ఉన్నాయి."

మగపెళ్లివారు గొల్లుమన్నారు. సౌభాగ్యమ్మ కూడా నవ్వింది. పిల్లనిచ్చుకుంది కదా, నవ్వక ఏం చేస్తుంది? కానీ ఆ మాటని మనసులో పెట్టుకుంది. ప్రసూనాంబ అది చూసింది. రాత్రి విడిదింట్లో ఆవిడ పక్కన కూచుని, "వదినగారూ, ఆయన మాటలకేం గానీ" అంది. అంతకన్నా ఏమనడానికీ ఆవిడకి ధైర్యం చాల్లేదు.

ఆ తర్వాత కుటుంబరావుగారి పళ్లు కదలడం మొదలెట్టాయి. దేవుడున్నాడనడానికి ప్రసూనాంబ దగ్గర అంతవరకూ గట్టి సాక్ష్యం లేదు.

ముందు ఒకటి ఊగింది. దాన్ని చూసి పక్కది ఊగింది. కళ్లు చూపించుకోడానికని వీధిలో చెప్పి విజయవాడ వెళ్లి, పై వరసంతా పీకించుకుని, కొన్నాళ్లకి పళ్ల సెట్టు పెట్టించుకొచ్చారు. ఆ సెట్టు ముందు భాగంతో ఏదన్నా కొరికితే వెనక భాగం పైకి లేస్తుంది. "మెత్తటివే తినండి, గట్టివాటి జోలికెళ్లకండి" అన్నాడు డాక్టరు. గుమ్మం దాటితే సెట్టు నోట్లో ఉండేది, అన్నాల వేళకి గ్లాసులో ఉండేది.

"ఈ సంగతి మూడో కంటికి తెలిసిందో, నేను ఊరుకోను" అన్నారు భార్యతో.

ఆయన భయం ఆయనది. చెక్క నమలలేని మనిషి చెక్కల మీద తీర్పేం చెప్తాడు? ఆఫీసు కుర్చీ ఎటూ పోయింది. ఇంకా నలుగురూ తనవైపు చూసేది ఆ ఒక్క కరకర కోసమే. అదీ పోతే జగ్గయ్యపేటలో ఆయన ఒక మామూలు పెన్షనుదారు. అంతకన్నా చావు నయం అనుకున్నారు. కాబట్టి ఇంట్లో చెక్కలు వండడం కొలెస్ట్రాల్ పేరు చెప్పి మాన్పించారు. ఎవరన్నా తెచ్చిపెడితే, "షుగరండీ" అనేవారు. ఉప్పూకారం వేసిన చెక్కకీ షుగరుకీ ఏమిటి సంబంధమని అడిగేంత చొరవ ఎవరికీ లేదు.

అలా రోజులు నెట్టుకొస్తుంటే ఒకరోజు సౌభాగ్యమ్మ ఫోను చేసింది.

"అన్నయ్యగారూ, నేను నందిగామకొచ్చిన, బిడ్డ దగ్గరికి. ఆదివారం మీరిద్దరు రావాలె. ఈసారి మీ ముంగటనే చేస్త. మీరే తిని ఎట్లున్నయో చెప్పాలె."

కుటుంబరావుగారు షుగరందామని నోరు తెరిచేలోపే ఆవిడ, "గారెలు చేస్తున్న" అంది.

గారెలు! ఆయన మొహం చేటంత అయింది. తింటే గారెలే తినాలన్నారు పెద్దలు. మినప్పప్పు మెత్తగా రుబ్బి, మధ్యలో చిల్లు పెట్టి వేయించిన గారె! పైన ఎర్రగా, లోపల దూదిలా ఉండే గారె! చిగుళ్లతో కూడా నమలొచ్చు. పెరుగులో నానేస్తే చిగుళ్లు కూడా అక్కర్లేదు.

"వస్తున్నామమ్మా! తప్పకుండా వస్తున్నాం! ఇంటివాళ్లనీ పిలవండి, చుట్టుపక్కలవాళ్లనీ పిలవండి. గారె అంటే ఏమిటో ఆదివారం నేను చెప్తా" అన్నారు. ఆ ఊపులో నెహెమ్యాకి కూడా ఫోను చేసి, "నువ్వూ, మీ ఆవిడా రండోయ్. నేర్చుకుంటుంది" అన్నారు.

ప్రసూనాంబ కత్తిపీట ముందు కూచుని బీరకాయలు తరుగుతోంది.

"ప్రసూనా, నందిగామలో గారెలట!"

ఆవిడ చెయ్యి కాస్త ఆగింది. "గారెలనే అన్నారా ఆవిడ?"

"గారెలే. నాకు పోయింది పళ్లు గానీ చెవులు కాదు."

"అయితే వెళదామండీ" అంది ప్రసూనాంబ. మోకాళ్ల నొప్పులని గుడికి కూడా రాని మనిషి, ఆదివారం పొద్దున్నే తలంటుకుని, గద్వాల చీర కట్టుకుని, ఆయన కన్నా ముందు చెప్పులేసుకుని నిలబడింది. ఈవిడకీ హుషారేమిటని కుటుంబరావుగారు అనుకోలేదు. భార్య గురించి అనుకునే అలవాటు ఆయనకి లేదు.

నందిగామలో దత్తాత్రేయ వాళ్లది మేడ మీద వాటా. మెట్లెక్కుతుంటేనే నూనె వాసన వచ్చింది. "అబ్బ, గారెల వాసన!" అన్నారు కుటుంబరావుగారు. అది నూనెలో వేగుతున్న బియ్యప్పిండి వాసన. మినప్పిండి వాసన వేరు. వంటింటి గుమ్మంలో నిలబడే పిల్లలకి కూడా ఆ తేడా తెలుస్తుంది. ఇన్నేళ్ల మహానిపుణుడి ముక్కుకి తెలియలేదు.

హాల్లో జనం బాగానే ఉన్నారు. కింది వాటాలో ఇంటివాళ్లు, వాళ్ల మామ్మ, నెహెమ్యా, అతని భార్య. కుర్చీ మధ్యలో వేశారు. కుటుంబరావుగారు కూచుని కాళ్లు బారజాపుకున్నారు. ప్రసూనాంబ వంటింట్లోకి వెళ్లబోతే సౌభాగ్యమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, "మీరు కూసోండి వదినా, ఇయ్యాల పొయ్యి నాది" అని మంచం మీద కూచోబెట్టింది.

పళ్లెం వచ్చింది.

పళ్లెం నిండా గుండ్రంగా, పల్చగా, ఎర్రగా వేగిన చెక్కలు. పప్పు బద్దలు పైకి తేలి, కరివేపాకు ముక్కలు అతుక్కుని, సాక్షాత్తూ చెక్కలు.

"ఇవేమిటమ్మా? గారెలేవీ?"

"ఇవే గారెలు అన్నయ్యగారూ."

కుటుంబరావుగారికి అర్థం కాలేదు. కోడలు అక్షయ నవ్వుతూ వచ్చింది. "మా వైపు వీటినే గారెలంటాం మామయ్యగారూ. మీరు గారెలనేవి మాకు వడలు. కాపురానికొచ్చిన కొత్తలో నేనూ కంగారుపడ్డాను. అత్తయ్యగారికి అప్పుడే చెప్పాను కదా!"

ఆయన గబుక్కున భార్యవైపు తిరిగారు. ప్రసూనాంబ గోడమీద క్యాలెండరులో తిథులు చూసుకుంటోంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. లేచి వెళ్లలేరు, కూచుని కొరకలేరు. అయినా అనుభవం ఊరికే పోతుందా? చెక్కని వెలుతురుకి ఎత్తి చూశారు. చెవి దగ్గర విరిచారు. ఫటుక్కున విరిగింది. ఆ చప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లకి కూడా వినపడింది. ఆ క్షణాన ఒక్కమాట, "బాగున్నాయమ్మా" అని ఒకే ఒక్కమాట అని, పళ్లెం పక్కన పెట్టుంటే ఆయన పరువు దక్కేది. నేనూ ఈ కథ చెప్పేవాణ్ణి కాదు. కానీ ఆ మాట ఆయన నాలిక మీదికి జన్మలో ఎప్పుడన్నా వచ్చిందా, ఇప్పుడు రావడానికి?

"కాస్త మెత్తబడ్డట్టున్నాయే" అన్నారు.

సౌభాగ్యమ్మ మొహం మాడిపోయింది. "తినకుండనే?"

"విరిస్తే తెలియదూ?"

నెహెమ్యా భార్య పళ్లెంలోంచి ఒకటి తీసుకుని కొరికింది. కరకరమంది. ఇంటివాళ్లు తలా ఒకటి తీసుకున్నారు. హాలంతా కరకరే. నెహెమ్యా తనది నమిలి మింగి, ఎంతో వినయంగా, "మెత్తగా లేవు సార్. తమరొకసారి తిని చూడండి సార్" అన్నాడు. ఆ 'సార్' లో ఎన్ని క్రిస్మస్‌లున్నాయో ఆ దంపతులకే తెలుసు.

అందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు. నోట్లో సెట్టు అప్పుడే సగం కదిలినట్టనిపించింది. అదే సమయానికి దత్తాత్రేయ కాఫీలు తెచ్చాడు. కుటుంబరావుగారు కప్పందుకున్నారు, చెక్కముక్కని కాఫీలో ముంచారు.

చెక్కని కాఫీలో నానబెట్టిన మనిషిని ఆ హాల్లో ఎవరూ అంతవరకూ చూడలేదు.

"అలా చూస్తారేం? మా పేటలో ఇదో పద్ధతి" అన్నారు గంభీరంగా.

"మాదీ పేటేనండీ, ఎప్పుడూ వినలేదే?" అన్నాడు ఇంటాయన.

సౌభాగ్యమ్మకి ఏదో అనుమానం తగిలింది. మంచంవైపు తిరిగింది. "వదినా, మీ ఇంట్ల ఇట్లనే తింటరా?"

కుటుంబరావుగారు భార్యని చూశారు. చెక్కలు మెత్తబడ్డాయన్నప్పుడు గుమ్మంలో నిలబడి ఆవిడ ఎలా చూసేదో, ఇప్పుడు ఆయన సరిగ్గా అలాగే చూశారు. పరువంతా ఆవిడ నోట్లో ఉంది. అవును అంటే చాలు.

"ఆయనొక్కరేనండీ" అంది ప్రసూనాంబ. "పైన పళ్లన్నీ పోయాయి కదా. సెట్టుతో గట్టివి కొరకలేరు. ఎవరికీ చెప్పొద్దన్నారు."

ఎవరన్నా నవ్వుంటే బాగుండేది. నవ్వితే ఆయన కోప్పడి, విసురుగా మెట్లు దిగి వెళ్లిపోయేవారు. ఒక్కరూ నవ్వలేదు. "అయ్యో!" అన్నారంతా.

"అయ్యో అన్నయ్యగారూ, ముందుగాల చెప్తే మీకోసం రెండు వడలు చేసేదాన్ని గద!" అంది సౌభాగ్యమ్మ, నిజంగానే బాధపడుతూ.

"పళ్లదేముంది సార్, మా నాన్నక్కూడా అంతే" అన్నాడు నెహెమ్యా. వాళ్లావిడ జాలిగా తల ఊపింది.

ఇంతలో ఇంటివాళ్ల మామ్మ లేచింది. ఆవిడకి ఒక్క పన్నూ లేదు. మనవడి చేత కిందనుంచి తన తమలపాకుల కల్వం తెప్పించింది. రెండు చెక్కలు అందులో వేసి, టకటకా దంచి, పొడి గిన్నెలో పోసి, చెంచా వేసి, కుర్చీ జరుపుకుని కుటుంబరావుగారి పక్కన కూచుంది.

"మొహమాటపడకు నాయనా. నాకూ ఇట్టాగే దంచి పెడతారు. కాసిని పాలు పోసుకుంటే ఇంకా బాగుంటది. పోయమంటావా?"

జగ్గయ్యపేట కుటుంబరావుగారు, చెక్కల పాలిటి న్యాయమూర్తి, గిన్నె ఒళ్లో పెట్టుకుని, చెంచాతో చెక్కపొడి తిన్నారు. పాలు వద్దన్నారు. మామ్మ వినలేదు, పోసింది.

అటువైపు సౌభాగ్యమ్మ కొత్త వాయి తీసి, జల్లిగరిటెతోనే తెచ్చి, ప్రసూనాంబ ముందు పెట్టింది. నూనె ఇంకా సలసలమంటోంది. ప్రసూనాంబ ఒకటి తీసుకుని, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ ఊదుకుని కొరికింది. వెలుతురుకి ఎత్తలేదు, చెవి దగ్గర పెట్టుకోలేదు. నములుతుంటే ఎందుకో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వేడికేమో అనుకున్నారంతా.

"ఎట్లున్నయి వదినా?"

"గుల్లగా ఉన్నాయండీ. చాలా బాగున్నాయి" అంది ప్రసూనాంబ. "నాకింకో రెండు వెయ్యండి."

సౌభాగ్యమ్మ మొహం విప్పారింది. మంచం మీద ఆవిడ పక్కనే చతికిలబడింది. నెహెమ్యా భార్య కూడా కుర్చీ అటు లాక్కుంది. శనగపప్పు ఎంతసేపు నానాలి, పెసరపప్పు అయితే ఎలా ఉంటుంది, పిండి వేణ్ణీళ్లతో కలపాలా చన్నీళ్లతోనా అని ముగ్గురూ మాటల్లో పడ్డారు. కుర్చీలో కూచున్నాయన్ని మళ్లీ ఎవరూ ఏమీ అడగలేదు.

సాయంత్రం జగ్గయ్యపేట బస్సెక్కారు. హైవే మీద ముక్త్యాల సిమెంటు లారీలు వరసగా పోతున్నాయి. ప్రసూనాంబ కిటికీ పక్కన కూచుని, వియ్యపురాలు కట్టిచ్చిన డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత తీసింది. కుటుంబరావుగారు చాలాసేపు ఉగ్గబట్టుకున్నారు. ఇక ఆగలేక, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"గారెలంటే వాళ్లకి చెక్కలని నీకు ముందే తెలుసన్నమాట."

"తెలుసండీ."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

ఆవిడ నోట్లో చెక్కముక్క ఉంది. ఆగమన్నట్టు చెయ్యి చూపించి, తీరిగ్గా నమిలింది. ఆయన ఆగారు. భార్య నమలడం అయ్యేదాకా నోరు మూసుకుని కూచోవడం ఆయన పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఆవిడ మింగి, పెదాలు తుడుచుకుంది.

"చెప్తే వచ్చేవారా?" అని, డబ్బాలోంచి ఇంకోటి తీసుకుంది.